ఇచ్చినవారి దారి మూసుకోకూడదు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నేను డాక్టర్ని కాను. పాతికేళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. సొసైటీకి వచ్చే వైద్య సహాయం దరఖాస్తులు చదివి, వాటి వెంట ఉన్న ఆసుపత్రి కాగితాల్లో ఏముందో తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టే పని నాకు అప్పగించారు. గుండె, కిడ్నీ కాగితాలు మన కమిటీ పెద్దలకు అలవాటైపోయాయి. కాలేయ మార్పిడి కాగితం వచ్చినప్పుడు మాత్రం అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న. ప్రైవేటు ఆసుపత్రిలో ఖర్చు 20 లక్షలు దాటుతుందంటున్నారు, బతికున్న మనిషి ఒంట్లోంచి కాలేయం కోసి తీస్తారంటున్నారు, మరి తీయించుకున్న మనిషి ఏమవుతాడు? ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పమని అధ్యక్షుల వారు అడిగారు. ఈ సర్జరీలో అన్నిటికంటే సున్నితమైన ఒక్క విషయం తీసుకుని చెబుతాను. అది సిరల సంగతి. అది తెలిస్తే మన డబ్బు ఎటు వెళ్ళాలో కూడా తెలుస్తుంది.

కాలేయం పెద్దవాళ్ళలో సుమారు కిలోంబావు నుంచి కిలోన్నర బరువుంటుంది. నిమిషానికి లీటరున్నర దాకా రక్తం దాని గుండా పోతుంది. చాలా అవయవాలకు రక్తం తెచ్చే దారి ఒకటే, ధమని. కాలేయానికి రెండు. కాలేయ ధమని ప్రాణవాయువున్న రక్తాన్ని తెస్తుంది. పేగుల నుంచి, మనం తిన్న ఆహారపు సారంతో రక్తం తెచ్చేది పోర్టల్ సిర. వచ్చే రక్తంలో ముప్పాతిక వంతు ఈ పోర్టల్ సిరదే. తెచ్చే దారులు రెండైతే, పోయే దారులు ముఖ్యంగా మూడు: కుడి, మధ్య, ఎడమ కాలేయ సిరలు. ఈ మూడూ వెళ్ళి అధో బృహత్సిరలో కలుస్తాయి, అక్కడి నుంచి రక్తం గుండెకు చేరుతుంది.

రక్తం ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందన్న ప్రశ్న మన పూర్వీకులకు కొత్తది కాదు. డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్, 13వ శతాబ్దంలోనే, గుండె కుడి భాగంలోని రక్తం ఊపిరితిత్తుల గుండా వెళ్ళి ఎడమ భాగానికి చేరుతుందని రాశారు. ఇబ్న్ సీనా వైద్య గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ ఆ మాట చెప్పారు. లోపలికి పోయిన రక్తం బయటికి ఏ దారిన వస్తుందన్నదే అక్కడా ప్రశ్న. కాలేయ మార్పిడిలో కూడా వైద్యులు చివరికి అదే ప్రశ్న దగ్గర ఆగవలసి వచ్చింది.

మన డెల్టా వాళ్ళకు ఇది చెప్పడం సులువు. పంట కాల్వ ఎంత బాగున్నా మురుగు కాల్వ పూడిపోతే ఏమవుతుంది? నీళ్ళు వస్తూనే ఉంటాయి, పోవు. మడి మునిగి వేరు కుళ్ళుతుంది. నీళ్ళు లేక ఎండిన చేను లాగే, నీళ్ళు పోక కుళ్ళిన చేను కూడా పోయినట్టే. కాలేయానికీ అంతే. రక్తం వచ్చి, బయటికి పోయే సిర లేకపోతే ఆ భాగం ఉబ్బి, నీలంగా నల్లబడి, పని మానేస్తుంది.

ఇప్పుడు కొంచెం చరిత్ర. మనిషికి మొదటి కాలేయ మార్పిడి 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ అనే సర్జన్ చేశారు. అది చనిపోయినవారి కాలేయంతో చేసింది. బతికున్నవారి కాలేయంలో ఒక ముక్క తీసి పెట్టవచ్చన్న ఆలోచన పిల్లల కోసం పుట్టింది. 1989లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రసెల్ స్ట్రాంగ్ బృందం ఒక తల్లి కాలేయంలోని ముక్కను ఆమె కొడుక్కి అమర్చి విజయం సాధించింది. మన దేశంలో 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో తండ్రి ఇచ్చిన ముక్కతో రెండేళ్ళు కూడా నిండని బాబు బతికాడు. ఆ బాబు పెద్దవాడై డాక్టరయ్యాడు.

పిల్లలకు చిన్న ముక్క చాలు. చిక్కు పెద్దవాళ్ళ దగ్గర వచ్చింది. పుచ్చుకునే మనిషి బరువులో కనీసం 0.8 శాతం బరువున్న కాలేయం కావాలని వైద్యుల లెక్క. అంటే 60 కిలోల మనిషికి 480 గ్రాములు. ఇచ్చేవారి కాలేయం 1200 గ్రాములుంటే ఎడమ భాగం సుమారు 400 గ్రాములే వస్తుంది, చాలదు. 1993లో జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయంలో మకూచి బృందం ఎడమ భాగంతోనే పెద్దవారికి మార్పిడి చేసి దారి చూపింది గానీ, పెద్ద శరీరాలకు కుడి భాగమే కావలసి వచ్చింది. కుడి భాగం మొత్తం కాలేయంలో 60 శాతం పైగా ఉంటుంది.

కుడి, ఎడమ భాగాల మధ్య సరిహద్దులో, గట్టు మీద కాల్వ లాగా, మధ్య కాలేయ సిర పోతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్వీనో కాలేయాన్ని 8 ఖండాలుగా విభజించి చూపించాడు. వాటిలో 5, 8 ఖండాలు కుడి భాగంలో ముందు వైపు ఉంటాయి. అవి కుడి భాగానివే అయినా, వాటి రక్తం చాలా వరకు ఈ మధ్య సిరలోకే దిగుతుంది. అటు ఎడమ వైపున్న 4వ ఖండం రక్తం కూడా ఇందులోకే వస్తుంది. ఇద్దరి పొలాల మురుగూ ఒక్క కాల్వలోకే పోతున్నట్టు. కాలేయాన్ని రెండుగా కోసినప్పుడు ఆ కాల్వ ఎవరిది?

పుచ్చుకునేవారికి ఇస్తే ఆ ముక్క చక్కగా పనిచేస్తుంది. కానీ ఇచ్చిన మనిషికి మిగిలిన చిన్న భాగంలో 4వ ఖండానికి దారి మూసుకుపోవచ్చు. ఇచ్చినవారి దగ్గరే ఉంచితే ఆ మనిషి క్షేమం. పుచ్చుకున్నవారిలో 5, 8 ఖండాలు ఉబ్బిపోయే ప్రమాదం. 1996లో హాంగ్‌కాంగ్ క్వీన్ మేరీ ఆసుపత్రిలో ఫాన్ షుంగ్ టాట్ బృందం మొదటి దారి పట్టింది. మధ్య సిరతో సహా కుడి భాగాన్ని తీసి పెద్దవారికి అమర్చింది. ప్రాణాపాయంలో ఉన్న రోగులు బతికారు. ఆ పద్ధతి చేతివాటం ఉన్న కేంద్రాల్లో, ఇచ్చేవారి కాలేయం కొలతలు అనుకూలిస్తే, ఇప్పటికీ వాడుకలో ఉంది.

దక్షిణ కొరియా సియోల్‌లోని అసాన్ ఆసుపత్రిలో లీ సుంగ్ గ్యూ బృందం సిరను ఇచ్చినవారి దగ్గరే ఉంచి కుడి భాగం తీసింది. కొందరిలో బాగానే ఉంది. మరి కొందరిలో రక్తం వదిలిన వెంటనే ముందు భాగం ఉబ్బింది, కడుపులో నీరు చేరింది, కాలేయం దెబ్బతిన్నది. ఆ బృందం అక్కడితో వెనక్కి తగ్గలేదు, ఇచ్చినవారి సిరను తీసుకుందామనీ అనుకోలేదు. ఇచ్చినవారి సిర వారి దగ్గరే ఉండాలి, పుచ్చుకున్నవారికి కొత్త సిర మనమే కట్టాలి అని నిర్ణయించుకుంది. 1990ల చివర మొదలైన ఆ పద్ధతి నేడు మన దేశంతో సహా చాలా చోట్ల నడుస్తోంది. తుర్కియేలోని మలత్య నగరంలో ఇనోను విశ్వవిద్యాలయం ఈ రకం మార్పిడులు ప్రపంచంలోనే ఎక్కువగా చేసే కేంద్రాల్లో ఒకటి.

కొత్త సిర ఎలా కడతారు? ఇచ్చే మనిషికి ముందే సీటీ స్కాన్ తీసి, ఏ సిర ఎక్కడుందో, ఎంత లావుందో, ఎన్ని గ్రాముల కాలేయం వస్తుందో, ఆ మనిషికి ఎంత మిగులుతుందో లెక్క కడతారు. మిగిలేది 30 శాతానికి తగ్గేటట్టుంటే ఆ మనిషిని వద్దంటారు. తీసిన ముక్కను మంచులో పెట్టిన చల్లని ద్రావణంలో ఉంచి, పక్కనున్న బల్ల మీద పని మొదలుపెడతారు. 5, 8 ఖండాల నుంచి వచ్చే సిరల కోసిన నోళ్ళు అక్కడ కనిపిస్తాయి. 5 మిల్లీమీటర్ల పైన లావున్న వాటిని సాధారణంగా వదిలిపెట్టరు. వాటికి ఒక గొట్టం లాంటి సిరను తెచ్చి, వెంట్రుకంత దారంతో కుట్టి, రెండో కొసను పుచ్చుకునేవారి పెద్ద సిరకు కలుపుతారు. కుట్టు బిగిస్తే నోరు ఇరుకవుతుంది, వదులైతే రక్తం కారుతుంది. గొట్టం పొడుగైతే మడత పడుతుంది, పొట్టిదైతే లాగుతుంది. కాలేయం తరవాత పెరిగి పక్కకు జరిగినా మెలిక పడకుండా ఇప్పుడే చూసుకోవాలి.

ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుంది? చనిపోయిన దాతల నుంచి తీసి శీతలంగా భద్రపరచిన సిర కావచ్చు. రోగి కాలి నుంచి తీసిన సిర కావచ్చు. పీటీఎఫ్ఈ అనే పదార్థంతో చేసిన కృత్రిమ గొట్టం కావచ్చు. ఇంకొకటి ఉంది, నాకు చదివినప్పుడల్లా ఆశ్చర్యం కలిగించేది. చెడిపోయిందని తీసి పక్కన పెట్టిన రోగి సొంత కాలేయంలో పోర్టల్ సిర రెండు కొమ్మలుగా చీలి ఉంటుంది. వ్యాధి దాని దాకా రాకపోతే ఆ సిరను విడదీసి, దాని రెండు కొమ్మలకు 5, 8 ఖండాల సిరలను కుడతారు. పనికిరాదనుకున్న కాలేయంలోంచే కొత్త కాలేయానికి దారి దొరుకుతుందన్న మాట.

ఆపరేషన్ తరవాత డాప్లర్ స్కాన్‌తో ఆ సిరలో రక్తం పారుతోందా లేదా అని మొదట్లో రోజూ చూస్తారు. మొదటి కొన్ని వారాలు అది తెరిచి ఉండడం చాలా ముఖ్యం. ఆ లోపు కాలేయం పెరుగుతుంది, లోపలే చిన్న చిన్న పక్కదారులు ఏర్పడతాయి. ఆ తరవాత కట్టిన సిర మెల్లగా మూసుకున్నా చాలామందికి ఇబ్బంది ఉండదు. ఇచ్చిన మనిషిలో మిగిలిన కాలేయం కూడా మొదటి రెండు నెలల్లోనే చాలా వరకు పెరుగుతుంది. మన శరీరంలో ఇంతగా తిరిగి పెరిగే లోపలి అవయవం మరొకటి లేదు. సుబ్‌హానల్లాహ్.

అంతమాత్రాన ఇచ్చేవారికి ఏమీ కాదని నేను చెప్పను. కుడి భాగం ఇచ్చేవారిలో వెయ్యికి ఇద్దరు నుంచి ఐదుగురి దాకా ప్రాణం పోవచ్చని వైద్యులు సాధారణంగా చెప్పే అంచనా. పైత్యరసం కారడం, ఇన్ఫెక్షన్, కుట్టు దగ్గర గిలక రావడం వంటివి ఇంకా ఎక్కువ మందికి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి తన కోసం కాకుండా మరొకరి కోసం కత్తి కిందికి వెళ్ళే ఆపరేషన్ ఇది. అందుకే మన చట్టం కఠినంగా ఉంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాతా మామ్మలు, అమ్మమ్మలు, మనుమలు, మనుమరాళ్ళు దగ్గరి బంధువులు. వీరు కాక వేరేవారు ఇవ్వాలంటే అధికార కమిటీ అనుమతి కావాలి. అవయవాన్ని కొన్నా అమ్మినా 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా.

ధర్మం సంగతి మీలో చాలామంది అడిగారు. ఓఐసీకి అనుబంధమైన ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ 1988 ఫిబ్రవరిలో జిద్దాలో సమావేశమై, ఇచ్చేవారి ప్రాణం ఆధారపడని అవయవాన్ని, అమ్మకం లేకుండా, తగిన షరతులతో బతికున్న మనిషి ఇవ్వడం సమ్మతమేనని తీర్మానించింది. భిన్నాభిప్రాయం ఉన్న ఉలమా కూడా ఉన్నారు, వారి పట్ల మనకు గౌరవమే. ఒక ప్రాణం నిలబెట్టడం ఎంత పెద్ద పనో సూరా మాయిదా 32వ ఆయత్ చదివిన మనకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒకరి కష్టం తీర్చడానికి అంతే కష్టాన్ని మరొకరి మీద వేయకూడదన్నది ఫిఖహ్‌లో మూలసూత్రం. సియోల్ సర్జన్లు ఈ సూత్రం చదివారో లేదో గానీ, వారి కత్తి దీన్నే పాటించింది. ఇచ్చినవారి సిర ఇచ్చినవారికే వదిలారు. కష్టమైన పనిని తమ మీద వేసుకున్నారు.

ఇప్పుడు మన సొసైటీ సంగతికి వస్తాను. మన దరఖాస్తుల్లో ఒక దాని గురించి చెబుతాను, పేరూ ఊరూ చెప్పను. చెల్లెలికి కాలేయం చెడిపోయింది. అన్న కుడి భాగం ఇచ్చాడు. అతను మిర్చి యార్డులో హమాలీ. మీ అందరి సాయంతో, ఇంకా కొందరి సాయంతో ఆపరేషన్ జరిగింది, చెల్లెలు బాగుంది. మూడు నెలలు బరువులెత్తవద్దని అన్నకు డాక్టర్లు చెప్పారు. మిర్చి టిక్కీ ఒక్కొక్కటి 40 కిలోల పైనే. అతని పని అదే. ఇంట్లో ముగ్గురు పిల్లలు. రెండో నెలలో వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆ సంగతి చెల్లెలికి తెలిసింది. తన మందుల డబ్బు అన్న చేతిలో పెట్టి, ఈ నెలకు మందులు ఆపేస్తానంది. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందు రోజూ, వేళ తప్పకుండా, జీవితాంతం వేసుకోవాలి. ఆపితే అన్న ఇచ్చిన కాలేయమే పోతుంది. ఇంటి పక్కవారు చెప్పబట్టి మన కార్యదర్శి గారు సమయానికి వెళ్ళారు, అల్‌హమ్దులిల్లాహ్.

సోదరులారా, ఇది ఆ కుటుంబం తప్పు కాదు. మనం రక్తం వచ్చే దారికి డబ్బు కట్టాం. పోయే దారిని ఎవరూ చూడలేదు. మన ఫారంలో రోగి పేరు, రోగి ఆదాయం, ఆసుపత్రి అంచనా ఉన్నాయి. కాలేయం ఇచ్చే మనిషికి ఒక్క గడి లేదు.

ఒక పెద్దాయన నాతో అన్నారు: "మాస్టారూ, ఇచ్చిన మనిషికి డబ్బిస్తే అవయవం కొన్నట్టు కాదా? రేపు సొసైటీ మీదికి వస్తుందేమో." మంచి ప్రశ్న. ఆ చట్టమే జవాబు చెబుతుంది. చట్టంలో నిషేధించిన "చెల్లింపు"కు నిర్వచనం ఉంది. అవయవం ఇచ్చినందువల్ల నేరుగా అయిన ఖర్చులూ, పోగొట్టుకున్న సంపాదనా, సమంజసమైన మేరకు తిరిగి ఇవ్వడం ఆ నిర్వచనం కిందికి రాదు. హమాలీకి పోయిన మూడు నెలల కూలి ఇవ్వడం కాలేయం వెల కట్టడం కాదు. అతన్ని అప్పుల పాలు చేయకపోవడం. అయితే అది పద్ధతిగా జరగాలి. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు డబ్బు మాట రాకూడదు. కూలి ఎంతో లెక్క ఉండాలి. ఆసుపత్రిలోని మార్పిడి సమన్వయకర్తకు తెలిసి, రసీదుతో ఇవ్వాలి.

అందుకని మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, ఫారంలో కాలేయ దాతకు ఒక పేజీ. ఎవరు, ఏం పని చేస్తారు, ఎన్నాళ్ళు పని మానాలి, ఇంట్లో వారి మీద ఆధారపడినవారు ఎందరు.

రెండోది, కాలేయ మార్పిడికి మంజూరు చేసే సొమ్మును రెండుగా విడదీయడం. ఒక భాగం ఆపరేషన్‌కు. రెండో భాగం, దాత ఇంటి మూడు నెలల బత్తెం, రోగి మొదటి ఏడాది మందులు, రక్త పరీక్షలు. ఆ రెండో భాగాన్ని ఎవరడిగినా ఆపరేషన్‌కు మళ్ళించకూడదు. ఏది జకాత్‌లోంచి, ఏది సదఖాలోంచి అన్నది ముఫ్తీ సాహెబ్ గారిని అడిగి నిర్ణయిద్దాం. ఆపరేషన్ ఖర్చు తగ్గించే దారులు కూడా చూడాలి. హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో బతికున్న దాతల నుంచి కూడా కాలేయ మార్పిడులు ప్రభుత్వ ఖర్చుతో జరిగాయి. ముందు ఆ వాకిలి తట్టి, తరవాత లక్షల చందా మొదలుపెట్టాలి.

మూడోది ఆడవారి సంగతి. మన దేశంలో బతికుండగా అవయవాలు ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలే. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. ప్రేమతో ఇచ్చేవారే ఎక్కువ. కానీ అత్తింటి మాట కాదనలేక ఒప్పుకునే కోడలు ఉండదని ఎవరు చెప్పగలరు? దాత స్త్రీ అయితే ఆమె సొంత ఇష్టాన్ని రోగి కాకుండా వేరే వ్యక్తి నిర్ధారించాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి. మన మహిళా విభాగం నుంచి ఒక ఆపా వెళ్ళి ఆమెతో ఒంటరిగా కూర్చుని మాట్లాడాలి. ఆమె వద్దంటే ఆ మాట ఆపా దగ్గరే ఆగాలి. వద్దన్నా మన సహాయం ఆ రోగికి ఆగకూడదు, వేరే దారి చూడాలి. చనిపోయినవారి అవయవదానానికి జీవన్‌దాన్ పథకం ఉంది, అందులో రోగి పేరు నమోదు చేయించే పనిలో మనం తోడుండవచ్చు.

చివరగా రోగుల కోసం రెండు మాటలు. రంజాన్ ఉపవాసాల ముందు డాక్టరు గారిని తప్పక అడగాలి, సెహ్రీ ఇఫ్తార్ల కోసం మందు వేళలు సొంతంగా మార్చుకోకూడదు. పంపర పనస తినకూడదు, అది టాక్రోలిమస్ పాళ్ళను రక్తంలో పెంచేస్తుంది. మిగతావారికి ఒక మాట. పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా వేయించండి, షుగరు, ఊబకాయం అదుపులో పెట్టుకోండి. ఎవరి కాలేయాన్నీ ఎవరూ అడగవలసిన అవసరం రాకపోవడమే అన్నిటికంటే మేలు.

అన్న ఇచ్చిన కాలేయంతో బతికిన ఆ చెల్లెలు ఇప్పుడు మళ్ళీ కుట్టుమిషను తొక్కుతోంది. అన్న యార్డుకు వెళ్తున్నాడు. ఇంకా అప్పు కొంత మిగిలి ఉంది. ఈ సభ ముగిసేలోపు దాని సంగతి తేల్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఇచ్చిన ప్రతి చేతినీ అల్లాహ్ నిండుగా ఉంచుగాక. మన సాయం పుచ్చుకున్నవారికి ఆరోగ్యాన్ని, ఇచ్చినవారికి నెమ్మదిని ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.